ఇత్తడి నట్టు

పిల్లలూ!

పోయిన నెల మనం తాళం కప్పను విప్పి చూశాం కదా. అది చదివి, "మాస్టారూ, ఈసారి మోటారుకారు విప్పండి" అని మీలో చాలామంది ఉత్తరాలు రాశారు. మీకు కార్లంటే ఎంత ఇష్టమో నాకు తెలియనిది కాదు. ముప్ఫయి అయిదేళ్లు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి. నోటుపుస్తకాల చివరి పేజీల్లో ఎన్ని కార్ల బొమ్మలు చూశానో లెక్కలేదు!

సరే, ఈ నెల కారు గురించే చెబుతాను. అయితే ఆ కారు నాకన్నా వయసులో పెద్దది. దాని కథలో నేను చేసిన పొరపాటు కూడా ఒకటి ఉంది. దాన్ని దాచిపెట్టి కథ చెప్పడం కుదరదు గనక, అదీ చెప్పేస్తాను.

2023 జూన్ నెలలో మా అమ్మాయిని చూడటానికి ఇంగ్లండు వెళ్లాను. వాళ్లు ఉండేది ఆక్స్‌ఫర్డుకు దగ్గరలో, థేమ్స్ నది ఒడ్డున ఉన్న ఆబింగ్‌డన్ అనే చిన్న ఊళ్లో. మన దేశంలో ఎండలు మాడ్చేస్తున్న రోజుల్లో కూడా అక్కడ నాకు స్వెట్టరు లేనిదే పొద్దు గడిచేది కాదు. ఆ స్వెట్టరును గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని అవసరం వస్తుంది.

పక్కింట్లో ఎనభయ్యో పడికి దగ్గరపడిన ఒక పెద్దాయన ఒంటరిగా ఉంటున్నారు. పదేళ్ల మా మనవరాలు ఆయన్ని "పక్కింటి తాతగారూ" అని తెలుగులోనే పిలుస్తుంది. ఆయనా పలుకుతారు. నన్ను "మాస్టారూ" అనాలని ఆయనకు నేర్పింది కూడా అదే.

ఒక రోజు ఆయన తమ షెడ్డు తలుపు తీసి, లోపల ఒక దుప్పటి లాగారు. దాని కింద ఎర్రని చిన్న కారు! మనవైపు తిరిగే కార్లకూ దానికీ ఎక్కడా పోలిక లేదు. పొడుగాటి మూతి, పక్కలకు బుగ్గల్లా పొంగిన మడ్‌గార్డులు, సైకిలు చక్రాల్లాంటి చువ్వల చక్రాలు. లోపల ఇద్దరు కూర్చోవడానికే చోటు. తలుపులు వెనక వైపు బందులతో, మన కార్లకు తలకిందులుగా తెరుచుకుంటాయి. తలుపు మీదుగా చెయ్యి కిందికి చాపితే నేల దాదాపు వేళ్లకు అందుతుంది. ముందరి అద్దాన్ని మడిచి బోనెట్టు మీద పడుకోబెట్టవచ్చు. అప్పుడిక గాలి తిన్నగా ముక్కుకే కొడుతుంది.

దీన్ని స్పోర్ట్స్ కారు అంటారు. స్పోర్ట్స్ కారంటే పందేల కోసమే చేసిన కారు అనుకోకండి. సామాను మోయడానికీ, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకోవడానికీ కాక, కారు నడపడంలో ఉన్న సరదా కోసమే చేసిన బండి అన్నమాట. ఈ కారు పేరు ఎమ్.జి. టీసీ. ఎమ్.జి. అంటే మోరిస్ గరాజెస్. ఆక్స్‌ఫర్డులో సైకిళ్లు బాగుచేస్తూ బతుకు మొదలుపెట్టిన విలియం మోరిస్ అనే ఆయన తరవాత పెద్ద కార్ల కంపెనీ పెట్టాడు. ఆయన గరాజిలో మేనేజరుగా చేరిన సెసిల్ కింబర్ 1920ల్లో మామూలు మోరిస్ కార్లకు కొత్త ఒళ్లు తొడిగి, చురుకైన చిన్న కార్లు తయారు చేయించాడు. వాటి గుర్తు ఎనిమిది మూలల బిళ్ల. 1929లో కార్ఖానా ఆబింగ్‌డన్‌కు మారింది. పాపం, కింబర్ 1945 ఫిబ్రవరిలో లండనులోని కింగ్స్ క్రాస్ దగ్గర జరిగిన రైలు ప్రమాదంలో చనిపోయాడు. టీసీ కారు అదే సంవత్సరం బయటికి వచ్చింది. ఆయన దాన్ని చూడలేదు.

ఆ ఎనిమిది మూలల గుర్తు మీలో కొందరు మన రోడ్ల మీదా చూసే ఉంటారు. ఆ పేరు చేతులు మారి మారి ఒక చైనా కంపెనీకి చేరింది. 2019 నుంచి గుజరాత్‌లోని హాలోల్‌లో ఆ గుర్తుతో కార్లు తయారవుతున్నాయి. ఆ కార్లకూ నేను చెప్పే కారుకూ పేరు తప్ప చుట్టరికం లేదు.

ఇంజను వెనక ఒక ఇత్తడి పలక మీద కారు సంఖ్య చెక్కి ఉంది. ఈ సంఖ్యలో ఒక తమాషా ఉంది. టీసీ కార్లలో మొట్టమొదటి దాని సంఖ్య 1 కాదు, 251! ఎందుకంటారా? ఆబింగ్‌డన్ కార్ఖానా టెలిఫోను నంబరు 251. అందుకని లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టారు. మరి ఒక కారు పలక మీద 1251 అని ఉంటే అది ఎన్నో కారు? తొందరపడి వెయ్యోది అనకండి. వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. 1949లో ఆపేసేదాకా మొత్తం 10,000 టీసీ కార్లు చేశారు. యుద్ధంతో చితికిన దేశానికి విదేశాల డబ్బు కావాలి. అందుచేత వాటిలో సగానికి పైగా ఓడలెక్కి పైదేశాలకు వెళ్లాయి.

పెద్దాయన తండ్రి ఆ కార్ఖానాలోనే పని చేశారట. అక్కడ కార్లను ముందుకు నడిపించే యంత్రపు పట్టా ఉండేది కాదు. ఒక చోట పని అయ్యాక మనుషులే చేతులతో తర్వాతి చోటికి తోసేవారు.

"మా నాన్న చెయ్యి ఈ కారు మీద పడే ఉంటుంది మాస్టారూ. ఎక్కడ పడిందో మాత్రం ఎవరు చెప్పగలరు?" అన్నారు పెద్దాయన.

ఆయన కూడా పదహారో యేట అక్కడే చేరి, 1980లో కార్ఖానా మూతపడేదాకా పనిచేశారు. పనివాళ్లను పంపేసినప్పుడు చేతికి వచ్చిన డబ్బులో కొంత పెట్టి, ఒక రైతు కొట్టంలో కోళ్లు గూడు కట్టుకున్న ఈ 1947 నాటి కారును కొన్నారు. ఇంట్లో వాళ్లంతా పిచ్చి అన్నారట. రేకుల కింద ఉండే చట్రం యాష్ అనే చెట్టు కర్రతో చేసింది. అది పుచ్చిపోతే ముక్క ముక్కగా మార్చుకున్నారు. ఇంజను మాత్రం పాతదే.

మా నాయనలారా, ఆ ఇంజను మీద ఒక లెక్క చేయకుండా వదలను. అందులో నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కదాని లోపలి అడ్డుకొలత 6.65 సెంటీమీటర్లు. పిస్టను పైకీ కిందికీ తిరిగే దూరం 9 సెంటీమీటర్లు. స్తూపం ఘనపరిమాణం కనుక్కోవడం మీకు తెలుసు గదా? వ్యాసార్ధాన్ని వర్గం చేసి, 3.1416తో పెంచి, ఎత్తుతో పెంచండి. దాన్ని నాలుగుతో పెంచితే 1250 ఘన సెంటీమీటర్లు వస్తుంది. కార్ల కాగితాల్లో "1250 సి.సి." అని రాసేది అదే. బడిలో స్తూపాల లెక్క ఎందుకని అడిగేవాళ్లుంటే ఈ కారును చూపించండి. ఈ ఇంజను బలం 54 గుర్రాల బలం. ఈ రోజుల్లో చిన్న కారు కూడా అంత లాగుతుంది. కాని ఈ బండి తేలిక గనక ఆనాడు గంటకు 75 మైళ్లు పరుగెత్తేదట.

ఆ చుట్టుపక్కల పాతకార్లవాళ్లంతా కలిసి ఒక చిన్న క్లబ్బు పెట్టుకున్నారు. ఏటా జూన్‌లో ఒక ఆదివారం ఊరి బయట పచ్చికబీట్లో కార్లన్నీ వరసగా నిలబెట్టి, ప్రదర్శన జరుపుతారు. వచ్చినవాళ్లు చూసి పోతారు. పోటీకి నిలబడిన కార్లకు మాత్రం పరీక్ష ఉంటుంది. శుభ్రతకు కొన్ని మార్కులు, కార్ఖానా నుంచి ఎలా వచ్చిందో అలా ఉంచినందుకు కొన్ని మార్కులు. కొత్త మెరుగులు దిద్దితే మార్కులు పోతాయి!

"మోకాళ్లు సహకరించడం లేదు. ఇదే ఆఖరిసారి నిలబెట్టడం" అన్నారు పెద్దాయన. మా మనవరాలూ నేనూ సాయానికి వెళ్లాం.

మూడు రోజులు తుడిచాం. మనవరాలికి చక్రాలు అప్పజెప్పాం. ఒక్కో చక్రానికి 48 చువ్వలు, వెనక కట్టిన విడి చక్రంతో కలిపి అయిదు చక్రాలు. మొత్తం 240 చువ్వలు. ఒక్కొక్క దాన్నీ పాత పళ్లబ్రష్షుతో తోమింది. ఇంట్లో తన పళ్లు అంత బాగా తోముకోదని వాళ్లమ్మ ఫిర్యాదు.

శనివారం సాయంత్రం పెద్దాయన ఇంజను నుంచి పొగగొట్టాన్ని పట్టుకునే నట్లలో ఒకటి విప్పి, "జాగ్రత్తగా పట్టుకోండి మాస్టారూ" అని నా చేతికి ఇచ్చారు. అది ఇత్తడిది. పొగగొట్టం దగ్గర వేడి ఎక్కువ. ఇనుప నట్టయితే తుప్పుపట్టి బోల్టుకు అతుక్కుపోతుంది. ఇత్తడి అలా పట్టేయదు. అందుకని అక్కడ ఇత్తడి వాడేవారు. నేను దాన్ని గుడ్డతో తుడిచి, పక్కనున్న సాసరులో పెట్టాను. పెట్టాననే అనుకున్నాను. ఆయన తిరిగి చెయ్యి చాపేసరికి సాసరు ఖాళీ!

వెతికాం. బల్ల కింద, గచ్చు పగుళ్లలో, గడ్డిలో, చివరికి మనవరాలి జడలో కూడా వెతికాం. నా జేబు రెండుసార్లు తిరగేశాను. అందులో ఏమీ లేదు. చీకటిపడ్డాక దీపం పట్టుకుని వెతికాం.

"ఒక్క నట్టే కదా, బజారులో మరొకటి కొందాం" అన్నాను.

ఆయన నవ్వారు గాని, ముఖంలో నవ్వు లేదు. "అదే చిక్కు" అన్నారు.

ఆ చిక్కేమిటో మీకు చెప్పాలి. నట్టు లోపలా బోల్టు మీదా మెట్లుగా తిరిగే గాట్లను మరచుట్లు అంటారు. వెనకటి కాలంలో ప్రతి కార్ఖానా తనకు తోచినట్లు మరచుట్లు కోసుకునేది. ఒకరి నట్టు మరొకరి బోల్టుకు పట్టేది కాదు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు అనేక కార్ఖానాల బోల్టులు తెప్పించి, కొలిచి, సగటు తీసి, దేశమంతటికీ ఒకే కొలత ఉండాలన్నాడు. గాటు కోణం 55 డిగ్రీలు, ఇంత లావుకు అంగుళానికి ఇన్ని చుట్లు అని పట్టిక వేశాడు. ఇంగ్లండులోని పానాలన్నీ ఆ పట్టిక ప్రకారమే చేశారు.

మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో హాచ్‌కిస్ అనే ఫ్రెంచి కంపెనీ ఇంగ్లండులోని కోవెంట్రీలో మరతుపాకుల కార్ఖానా పెట్టింది. యుద్ధం అయ్యాక అది మోరిస్‌కు ఇంజన్లు చేయసాగింది. 1923లో మోరిస్ దాన్ని కొనేశాడు. అక్కడి యంత్రాలన్నీ ఫ్రెంచివి గనక మిల్లీమీటర్లలో మరచుట్లు కోస్తాయి. యంత్రాలన్నీ మార్చాలంటే మాటలా? మరి ఇంగ్లీషు మెకానిక్కుల దగ్గర ఉన్నవన్నీ విట్‌వర్త్ పానాలు. వాళ్లు ఏం చేశారో తెలుసా? మరచుట్లు మిల్లీమీటర్లలోనే ఉంచి, నట్టు వెలుపలి కొలత మాత్రం విట్‌వర్త్ పానాకు సరిపోయేలా చేశారు! లోపల ఫ్రెంచి, పైన ఇంగ్లీషు! ఆ పద్ధతి ఈ టీసీ ఇంజను దాకా నడిచింది. ఇప్పటి కొట్లో మామూలు 8 మిల్లీమీటర్ల నట్టు కొంటే దాని చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం ఒకటింపావు మిల్లీమీటరు. దీనికి కావలసింది సరిగ్గా ఒక మిల్లీమీటరు. తెచ్చి బిగిస్తే ఒకటిన్నర చుట్టు తిరిగి, మొండికేస్తుంది.

ఇలాంటి నట్లు చేసిచ్చే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఉత్తరం రాసి తెప్పించుకోవాలి. తెల్లవారితే ప్రదర్శన!

పెద్దాయన తన డబ్బాలన్నీ బోర్లించారు. చివరికి మరచుట్లు సరిపోయే నట్టు ఒకటి దొరికింది. కాని అది ఇనుపది, కాస్త చిన్నది. అదే బిగించారు. పొగగొట్టం కింది వైపు గనక, వంగి చూస్తే తప్ప కనపడదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని నాకు అనిపించింది.

ఆదివారం ఎనిమిది మైళ్లు నడుపుకుంటూ వెళ్లాం. కొందరు తమ కార్లను లారీ వెనక బండి మీద ఎక్కించి, గుడ్డలు కప్పి తెచ్చారు. నలుసంత దుమ్ము లేదు. నా మటుకు, నడవని కారు బీరువాలో పట్టుచీర లాంటిది. అయినా మార్కులు వేసేది నేను కాదుగా! మేము చేరేసరికి మా అద్దం మీద చచ్చిన పురుగులు. వాటిని తుడిచి, ఇంజను కింద ఒక రేకు పళ్లెం పెట్టాం. పాత ఇంజన్లు నూనె కారుస్తాయి. ఆ బీట్లో అన్ని కార్ల కిందా అలాంటి పళ్లేలే.

పరీక్షకు వచ్చింది అరవై దాటిన ఒక ఆవిడ. చేతిలో అట్ట, చిన్న టార్చిలైటు. నాకు ఇన్‌స్పెక్టరుగారు బడికి వచ్చిన రోజు గుర్తుకొచ్చింది. పదేళ్ల పిల్లలకన్నా హెడ్మాస్టరు గుండె ఎక్కువ కొట్టుకునే రోజది. ఆవిడ చక్రాలు చూసి, మనవరాలి వేళ్లకున్న నల్ల మరకలు చూసి, చిరునవ్వు నవ్వింది. బోనెట్టు రెండు రెక్కలూ ఎత్తి లోపలికి వంగింది. టార్చి వెలుగు పొగగొట్టం మీదుగా పోయింది. నట్టు మీద ఆగలేదు. ముందుకు జరిగింది.

అమ్మయ్య అనుకున్నాను. నిజమే చెబుతున్నాను పిల్లలూ, అమ్మయ్య అనే అనుకున్నాను. తప్పు చేస్తే వచ్చి చెప్పమని ముప్ఫయి అయిదేళ్లు మీవంటి వాళ్లకు బోధించిన నోరు అప్పుడు మూసుకునే ఉంది. మనవరాలు ఏమీ అనలేదు. తల ఎత్తి నాకేసి చూసింది, అంతే. ఎదట ఉన్న లెక్క తప్పని తెలిసినా దిద్దకుండా కూర్చున్న కుర్రవాడి వైపు నేను ఎలా చూసేవాణ్ణో, సరిగ్గా అలా.

"అమ్మా, కింద ఒక నట్టు అసలుది కాదు. అసలుది నిన్న నేను పోగొట్టాను" అన్నాను. నా ఇంగ్లీషు తడబడింది గాని ఆవిడకు అర్థమయింది.

పెద్దాయన కుర్చీలోంచి లేచారు. "పోగొట్టింది ఎవరయితేనేం, బిగించింది నేను" అన్నారు.

ఆవిడ మళ్లీ వంగి చూసింది. అట్ట మీద ఏదో రాసుకుంది. "అర మార్కు" అంది, అంతే. మా బడికి వచ్చిన ఇన్‌స్పెక్టర్లు కూడా ఇలాగే పొడిగా మాట్లాడేవారు.

సాయంత్రం ఫలితాలు చదివారు. ఆకుపచ్చ కారు ఒకదానికి మొదటి బహుమతి. మాది మూడవది. ఆ అర మార్కు పోకపోతే రెండవది అయ్యేదని తర్వాత తెలిసింది. మనవరాలు కళ్లు తుడుచుకుంది. దానికి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

తిరుగు ప్రయాణంలో అద్దం మడిచేశారు. ఈ కారులో ఒక విచిత్రం ఉంది. నడిపేవారి ఎదట ఉండేది ఇంజను నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే గడియారం. కారు ఎంత వేగంగా పోతోందో చూపేది పక్కన కూర్చున్నవారి ఎదట ఉంటుంది!

"ఎంతలో ఉన్నాం మాస్టారూ?" అని గాలిలో అరిచి అడిగారు.

"నలభై!" అని నేనూ అరిచాను.

"మీరు చెప్పిందే లెక్క. నాకు కనపడదు" అన్నారాయన. ఇల్లు చేరేదాకా నేను ముల్లు మీంచి చూపు తిప్పలేదు.

జూలైలో మన దేశం వచ్చేశాను. డిసెంబరులో తెనాలిలో మంచు పడే ఉదయాలు మొదలయ్యాక, ఆ స్వెట్టరు తీసి తొడుక్కున్నాను. కుర్చీలో కూర్చుంటే అంచు దగ్గర ఏదో గట్టిగా తగిలింది. జేబులో వేలు పెడితే చిల్లి! చిల్లిలోంచి జారి, అస్తరు మడతలో ఇరుక్కుని ఉంది. బడిలో సుద్దముక్కను జేబులో వేసుకునే అలవాటు నాకు ఇంకా పోలేదు. సాసరులో పెట్టాననుకుని జేబులో వేశానన్నమాట.

దాన్ని దూదిలో చుట్టి, మందుల డబ్బాలో పెట్టి, పోస్టాఫీసుకు తీసుకువెళ్లాను. పైదేశానికి పంపే పొట్లంలో ఏముందో, దాని విలువ ఎంతో రాసి ఇవ్వాలట. వస్తువు అన్నచోట "పాత ఇత్తడి నట్టు, ఒకటి" అని రాశాను. విలువ అన్నచోట కలం ఆగిపోయింది. నా వెనక వరసలో ఉన్నవాళ్లు దగ్గడం మొదలుపెట్టారు.

"ఎంత రాయమంటారు మాస్టారూ?" అని అడిగాడు కిటికీలోని కుర్రవాడు. చూస్తే ఒకప్పుడు మా బడిలో చదివినవాడే.

"నువ్వే చెప్పు నాయనా" అన్నాను.

వాడు డబ్బా మూత తీసి, నట్టును అటూ ఇటూ తిప్పి చూసి, "పది రూపాయలు" అని రాసుకున్నాడు. పంపడానికి అయిన ఖర్చు దానికి ఎన్నో రెట్లు. అది ఎన్ని రెట్లో కూడా లెక్క కట్టాను గాని, మా ఇంట్లోవాళ్లు ఈ పత్రిక చదువుతారు గనక ఇక్కడ రాయను.